నీళ్ల వేడిలో చివరి అంకె

ఏలూరు,
జూన్, ఆదివారం

నసీమా,

మా ఇంట్లో అందరూ కలిసి నాకు శ్రీకర్ బావ నచ్చలేదని తేల్చేశారు. నేను చెప్పింది ఒకటి, వాళ్లు విన్నది ఇంకొకటి. నేనన్నది "నా డాంగిల్ నా దగ్గరే ఉంటుంది" అని. అంతే. దానికి మా అమ్మమ్మ వీరరాఘవమ్మ గారు పప్పు కలుపుతున్న చెయ్యి కంచంలోనే ఆపి, "మేనరికం ఇష్టం లేకపోతే లేదని చెప్పవే, ఈ డొంకతిరుగుడు ఎందుకు?" అంది. అమ్మ వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చింది. మామయ్య నరసరాజు గారు మాత్రం నవ్వారు. ఆయన నవ్వు నువ్వు చూడలేదు. పెదాలు కదులుతాయి, ముఖం కదలదు.

నాన్న పోయాక అమ్మా నేనూ మామయ్య ఇంట్లోనే ఉంటున్నామని నీకు తెలుసు. తాడేపల్లిగూడెంలో మన హాస్టల్ గది ఖాళీ చేసి వచ్చిన నెలకే ఆయన నన్ను తన నీటి పరీక్షల ల్యాబులో కూర్చోబెట్టారు. పంచాయతీల మంచినీళ్ల చెరువులు, బోర్లు, చేపల చెరువులు. నీళ్లు పట్టుకొస్తాం, పరీక్ష చేస్తాం, రిపోర్టు ఇస్తాం. దాని కింద సంతకం నాది. కంప్యూటరుకు పెన్‌డ్రైవంత డాంగిల్ గుచ్చి పిన్ కొడితే నా పేరు పక్కన పచ్చ టిక్కు పడుతుంది. రిపోర్టు ల్యాబు వెబ్‌సైటులోకి ఎక్కుతుంది. లంకలో కూర్చున్నవాళ్లు కూడా ఫోను పెట్టి చూసుకోవచ్చు.

మొన్న మామయ్య, "అమ్మాయ్, నువ్వు రాని రోజున పని ఆగిపోతోంది. డాంగిల్ బావ సొరుగులో పడెయ్యి. పిన్ చీటీ మీద రాసి దానికే అంటించు. మన ఆడిటరు గారి దగ్గర చూళ్లేదా?" అన్నారు. చూశాను. ఊళ్లో సగం మంది మిల్లర్ల సంతకాలు ఆయన బీరువాలో పూతరేకుల డబ్బాలో దొర్లుతుంటాయి. ఒక్కోదానికీ తెల్ల ప్లాస్టరు చుట్టి, దాని మీద పెన్నుతో పిన్. ఎవరూ తప్పు అనుకోరు. పిన్ ఇచ్చేస్తే మనవాళ్లని నమ్మినట్టు. ఇవ్వకపోతే మనవాళ్లు కాదన్నట్టు. ఆ దారినే నా డాంగిల్ పెళ్లి దాకా వెళ్లింది.

ఈ రోజుల్లో కాగితం మీద రాస్తోందేమిటి అనుకుంటావు. నా వాట్సాప్‌ను బావ ల్యాబు కంప్యూటరుకు కలిపాడు, రిపోర్టులు పంపడానికి వీలుగా ఉంటుందట. తీసెయ్యమంటే మళ్లీ అదే గొడవ. కాబట్టి ఇక్కడి మీ నాన్న ఖాదర్ గారి టైలరింగు షాపే మనకు పోస్టాఫీసు. ఇది జాకెట్టు గుడ్డ మడతలో పెట్టి ఆయనకు ఇస్తున్నాను, నీకు పంపిస్తారు. నీ జవాబు ఆయన పేరున పోస్టు చెయ్యి. నాలుగు జాకెట్లు ఎక్కువ కుట్టించుకుంటాను, ఏం పోయింది.

అసలు అడగాల్సింది ఇది. నీ ఫైనలియర్ ప్రాజెక్టులో ఒక ముక్క ఉండేది, సంతకం పెట్టే మనిషినే పట్టుకుని తాళం చెప్పమని పీడిస్తే ఏం చెయ్యాలి అని. నువ్వు గదిలో పైకి చదువుతుంటే నేను నిద్రపోయాను. ఇప్పుడు మళ్లీ చెప్పు.

నీ
కుసుమ


తాడేపల్లిగూడెం,
జూన్ ఆఖరు

ఒసే కుసుమా,

నిద్రపోవడమే కాదు, గురక కూడా పెట్టావు. సరే విను.

ముందు చేదు మాట. తాళం ఎంత గట్టిదైనా నీ చెయ్యి వాళ్ల చేతిలో ఉన్నప్పుడు అది నిన్ను కాపాడదు. పచ్చ టిక్కుకు తెలిసింది ఒక్కటే, ఈ డాంగిలూ ఈ పిన్నూ కలిశాయని. కొట్టింది నువ్వా ఇంకొకరా, ఇష్టంగా కొట్టావా ఏడుస్తూ కొట్టావా, దానికి అక్కర్లేదు. కోర్టుకీ అక్కర్లేదు. నీ పేరు పడితే నువ్వు పెట్టినట్టే.

అందుకని దీని గురించి బుర్ర బద్దలుకొట్టుకున్నవాళ్లు ఇంకో దారి పట్టారు. పీడిస్తే ఇచ్చెయ్యి. కానీ అంతకు ముందు నుంచే, నువ్వు మనసారా పెట్టే ప్రతి సంతకంతోనూ ఒక గుర్తు వదులుతూ రా. పిన్ లాక్కున్నవాడికి టిక్కు వస్తుంది, గుర్తు రాదు. గుర్తు లేదన్న సంగతి వాడికి కనపడదు. బయట ఉన్న ఒక మనిషికి కనపడుతుంది.

ఇది పనిచెయ్యాలంటే ఆ గుర్తు ఉందన్న అనుమానమే వాడికి రాకూడదు. వచ్చిందా, "ఇంకేం దాచావు" అని మళ్లీ మొదలుపెడతాడు. నువ్వు "అంతా ఇచ్చేశాను" అన్నావంటే, కాదనడానికి వాడి దగ్గర ఏ ఆధారమూ ఉండకూడదు. ఆ తర్వాత, బయటి మనిషి నిద్రపోకూడదు. ఆ మనిషిని నేనవుతాను. ఇక్కడ క్యాంపస్ ల్యాబులో నా ఉద్యోగం ఎలాగూ కంప్యూటర్ల ముందు కూర్చుని పిల్లలు పాడుచేసినవి బాగుచెయ్యడమే. శుక్రవారం శుక్రవారం మీ వెబ్‌సైటు తెరిచి చూస్తాను.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆ గుర్తు అబద్ధం కాకూడదు. పరీక్షలో వచ్చిన అంకెల జోలికి వెళ్లకు. ఒక చుక్కో, ఖాళీయో, మాటల వరసో, అలాంటిదేదైనా చూసుకో.

మీ బావ నిజంగా బాగుండడా? హాస్టల్ డే రోజున వచ్చినప్పుడు నల్ల చొక్కాలో బాగానే ఉన్నాడు. ఊరికే అడిగాను, తిట్టకు.

నసీమా


ఏలూరు,
జులై

నసీమా,

బావ బాగానే ఉంటాడు. అదే చిక్కు. అరవడు, తాగడు, అమ్మమ్మకు రోజూ ఇన్సులిన్ సూది తనే వేస్తాడు. అలాంటివాడికి పిన్ ఇవ్వనంటే నేనే రాక్షసిని.

నువ్వు చెప్పిన చుక్కలూ ఖాళీలూ కుదరవు. రిపోర్టు ఫారం బావ చేయించాడు, అంకెలు తప్ప ఏ అక్షరమూ కదలదు. కాబట్టి అంకెల్లోనే పెట్టాను. కోప్పడే ముందు పూర్తిగా చదువు. నమూనా పట్టినప్పుడు నీళ్ల వేడి ఎంతో ఒక గడిలో రాస్తాం. ఇరవై తొమ్మిది పాయింట్ నాలుగు, అలాగ. నీళ్లు మంచివో చెడ్డవో తేల్చడానికి ఆ పాయింటు తర్వాతి అంకెతో ఎవరికీ పని లేదు. ఎవరూ చదవరు. ఇక నుంచి ఆ అంకె నాది. ముందు నంబరు రిపోర్టులో హార్డ్‌నెస్ ఏ అంకెతో ముగిసిందో, ఈ రిపోర్టులో నీళ్ల వేడి అదే అంకెతో ముగుస్తుంది. కుదిరితే నేను. కుదరకపోతే నేను కాదు. చీటీ అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు, నా తలలోనూ నీ తలలోనూ ఉంటే చాలు.

మొదటిసారి వాడింది నత్తగుల్లలంక రిపోర్టుకు. కొల్లేటిలో రోడ్డు అయిపోయాక ఇంకొంచెం దూరం గట్టు మీద వెళ్లాలి. ఊరి మంచినీళ్ల చెరువు పక్కనే ఒక ఆసామి చేపల చెరువులు. ఏలూరు నుంచి సెప్టిక్ ట్యాంకరు బళ్లు వచ్చి ఆ చెరువులో కుమ్మరించి పోతాయి. అదే చేపలకు మేత, అదే ఎరువు. మధ్యలో ఉన్న గట్టు చూస్తే నువ్వూ నేనూ గెంతితే కూలేలా ఉంది. దాని మీద ఊరివాళ్లు అర్జీ పెట్టారు, అందుకే పరీక్ష.

ఊరి తరఫున సీసాలు పట్టుకుని నాతో వచ్చింది పెర్సిస్ అనే అమ్మాయి. ఎలీయాజరు అని, అక్కడ వలలు అల్లే ఆయన కూతురు. పురిటికని ముందుగానే పుట్టింటికి వచ్చేసింది, పొట్ట ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. నేను సీసా ముంచుతుంటే గట్టు మీద నుంచి అరిచింది.

"ఏవండీ కుసుమగారూ, ఈ నీళ్లు నేను తాగొచ్చాండీ?"

"కాచుకుని తాగు."

"గ్యాసు మీ రిపోర్టు ఇస్తదాండీ?"

"ఇవ్వదు. అయినా కాచుకునే తాగు."

"సరేనండీ. మీరు బాగున్నాయని రాసే దాకా కాస్తాను. మీరు రాసిన రోజున ఆ గిన్నె మీ ల్యాబుకే పంపిస్తాను, గోడకి తగిలించుకోండి." పొట్ట పట్టుకుని నవ్వింది. దాని నవ్వుకి చెరువులో కొంగలు లేచాయి.

నీళ్లు బాగా లేవు. మలంలో ఉండే క్రిములు లెక్కకు మించి ఉన్నాయి. "తాగడానికి పనికిరావు" అని రాసి సంతకం పెట్టాను, నా అంకెతో సహా. మర్నాడే ఆ ఆసామి ల్యాబుకు వచ్చి మామయ్య గదిలో చాలాసేపు కూర్చున్నాడు. బయటికొస్తూ నా వైపు చూసి, "అమ్మాయిగారు చాలా స్ట్రిక్టండీ" అన్నాడు. ఆగస్టులో మళ్లీ పరీక్ష చేయిస్తారట.

నీ
కుసుమ


తాడేపల్లిగూడెం,
ఆగస్టు ఆఖరు

కుసుమా,

పదోవంతు డిగ్రీ అయినా అబద్ధం అబద్ధమే. వద్దన్న పనే చేశావు. మొదలుపెట్టేశావు కాబట్టి ఇక మధ్యలో ఆపకు.

ఆ తర్వాత నీ దగ్గర నుంచి ఉత్తరం రాలేదు కానీ శుక్రవారాలు తప్పలేదు. ఇప్పటి దాకా ప్రతి రిపోర్టూ కుదిరింది, చూస్తుంటే సరదాగా ఉంటోంది, నువ్వు కిటికీలోంచి చెయ్యి ఊపుతున్నట్టు. ఈ వారం నత్తగుల్లలంక రిపోర్టు మళ్లీ వచ్చింది. "తాగడానికి యోగ్యం" అని చూడగానే గబగబా దాని ముందు నంబరు తెరిచాను. హార్డ్‌నెస్ 186. లంక నీళ్ల వేడి 29.6. హమ్మయ్య అనుకున్నాను. గట్టు బాగుచేసి ఉంటారు, బళ్లు ఆపి ఉంటారు. పోనీలే, ఒక్క చోటైనా నీ సంతకం పనిచేసింది. పెర్సిస్‌ని గిన్నె పంపమను.

జాకెట్లు కుట్టించుకోవడం మానేశావా ఏమిటి? నాన్న అడుగుతున్నారు.

నసీమా


దెందులూరు,
సెప్టెంబరు

నసీమా,

నేను ఏలూరులో లేను. దెందులూరులో తాతయ్యగారి పాత మేడ మీద గదిలో ఉన్నాను. కిటికీలోంచి హైవే కనపడుతుంది. లారీలు, ధాన్యం ట్రాక్టర్లు, బస్సులో కూర్చుని ఉద్యోగాలకు వెళ్లే ఆడవాళ్లు. నీ ఉత్తరం ఏదైనా షాపుకు వచ్చిందేమో, నాకు అందలేదు.

పిన్ ఇచ్చేశాను.

ఎవరూ నన్ను కొట్టలేదు. ఇది గట్టిగా రాస్తున్నాను, ఎందుకంటే రేపు ఎవరైనా "ఏం చేశారు నిన్ను?" అని అడిగితే చూపించడానికి ఒంటి మీద గీత లేదు. లంక పరీక్ష రెండోసారి చేసే ముందు మామయ్య మమ్మల్నందరినీ ఇక్కడికి తెచ్చారు, గాలి మార్పు అని. నా ఫోను బాగుచేయిస్తానని బావ తీసుకున్నాడు. ఆ సాయంత్రం నుంచి అమ్మమ్మ అన్నం మానేసింది. ఇన్సులిన్ వద్దంది. "నా మనవరాలికి నమ్మకం లేని ఇంట్లో నాకు మందెందుకురా" అంది. చాప మీద గోడ వైపు తిరిగి పడుకుంది. బావ సూది పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. బతిమాలాడు, నిజంగానే. అమ్మ నా కాళ్ల మీద పడింది. అమ్మ, నా కాళ్ల మీద. మామయ్య కుర్చీలో కూర్చుని మెల్లగా అన్నారు.

"పెళ్లి మాట ఈ జన్మలో ఎత్తనమ్మా. నీకిష్టమైన చోట చేసుకో, దగ్గరుండి చేయిస్తాను. ఆ నంబరు చెప్పెయ్యి, మీ అమ్మమ్మ బతుకుతుంది."

"మామయ్యా, ఇది పెళ్లి గురించి కాదండీ."

"మరి దేని గురించి?"

"ఆ నీళ్ల గురించి."

ఆయన అమ్మ వైపు తిరిగి, "చూశావా అక్కా, ఇంకా సిగ్గుపడుతోంది" అన్నారు.

అమ్మమ్మ నోరు పిడచకట్టుకుపోయింది. నన్ను గుర్తుపట్టక మా పెద్దమ్మ పేరు పెట్టి పిలిచింది. అప్పుడు డాంగిల్ తీసిచ్చి పిన్ చెప్పాను. బావ ఆ నంబరు తన ఫోనులో ఎక్కించుకుని, సూది వేసి, అప్పుడు నా దగ్గరకొచ్చి అడిగాడు.

"ఇంకేమైనా ఉందా మరదలా?"

"ఏమీ లేదు. అంతే."

చాలాసేపు నా ముఖంలో వెతికాడు. దొరకలేదు. నువ్వు చెప్పిందంతా అక్కడ నా కళ్ల ముందు నిలబడింది నసీమా, వాడి దగ్గర ఆధారం లేదు.

ఆ మర్నాడే లంక రిపోర్టు తయారైందని అమ్మమ్మ తలగడ దగ్గర వాళ్లు మాట్లాడుకుంటుంటే విన్నాను. ఎవరూ లంకకు వెళ్లలేదు, సీసా ముంచలేదు. సంతకం రద్దు చేయిద్దామంటే దానికి కావాల్సిన ఓటీపీ కూడా నా ఫోనుకే వస్తుంది, అది బావ దగ్గరుంది. కానీ నువ్వు ఆ శుక్రవారమే చూసి ఉంటావు. అంకె కుదరలేదని తెలిసి ఉంటుంది. ఈపాటికి ఊరివాళ్లకు చెప్పేసి ఉంటావు. ఆ ధైర్యంతోనే ఇక్కడ వాళ్లతో కూర్చుని అన్నం తింటున్నాను.

ఇది అమ్మ ఏలూరు వెళ్తుంటే జాకెట్టు గుడ్డలో పెట్టి పంపిస్తున్నాను. మడత ఎందుకు గట్టిగా ఉందో అమ్మ అడగలేదు.

కుసుమ


తాడేపల్లిగూడెం,
సెప్టెంబరు

కుసుమా,

అంకె కుదిరింది. అదే రాశాను నీకు, అది షాపులోనే ఉండిపోయింది. లంక రిపోర్టు ఒక్కటే కుదిరింది.

నువ్వు కాని మనిషి రాసినా పదింటిలో ఒకసారి ఆ అంకె దానంతటదే కుదురుతుంది. ఒక్క అంకె చాలదని నీకు తెలియకపోవచ్చు, నాకు తెలియాలి. నేను చదివిందే అది. ఆ తర్వాతి రిపోర్టులు వరసగా తప్పాయి, అవి కూడా చూశాను. నీకు ఒంట్లో బాగాలేదేమో, లెక్క తప్పుతున్నావేమో అనుకున్నాను. లంకది కుదిరింది కదా అన్న ధీమా నన్ను కూర్చోబెట్టేసింది.

నీ ఉత్తరం చదివిన వెంటనే లంక పంచాయతీకి ఫోను చేశాను. తీసినాయన చాలా మర్యాదగా, "మీరెవరండీ? పచ్చ టిక్కు ఉందిగా అండీ, కుసుమగారు స్వయంగా పెట్టారు" అన్నాడు. ఆ నీళ్లు తాగొద్దు అన్నాను. "మొన్నటి దాకా తాగొద్దన్నదీ ఆవిడే, ఇప్పుడు తాగమన్నదీ ఆవిడే. మధ్యలో మీరేవిటండీ?" అన్నాడు. పేరు లేకుండా పైఆఫీసులకు అర్జీ పంపాను. పేరు లేని అర్జీకి జవాబు రాదని తెలుసు.

ఇకమీదట నాన్న షాపుకు ఏమీ ఇవ్వకు. ఆయనకు చెయ్యి నొప్పి, కొత్త పని తీసుకోవడం లేదు. నేరుగా నాకే, క్యాంపస్ అడ్రసుకు పోస్టు చెయ్యి.

ఎలాగైనా పెర్సిస్‌కు చెప్పు. ఎవరి ఫోనైనా అడుక్కో.

నసీమా


ఏలూరు,
అక్టోబరు

నసీమా,

పెర్సిస్ చనిపోయింది.

నీ ఉత్తరం షాపులో నుంచి తెచ్చింది అమ్మే. నా పక్క మీద పడేసి వెళ్లిపోయింది. అది చదివి ఎవరూ చూడకుండా మేడ దిగి, హైవే దాటి, పాలకేంద్రం దగ్గర ఒకావిడ ఫోను అడిగి లంకకు చేశాను. అప్పటికే తనని ఏలూరు ఆసుపత్రికి తెచ్చారట, కళ్లు పచ్చబడ్డాయని. నీళ్ల వల్ల వచ్చే కామెర్లు. మామూలు మనిషైతే పథ్యం చేసి లేచేస్తుంది, నెలలు నిండుతున్నవాళ్లు లేవరని డాక్టరు చెప్పాడట. బిడ్డ లోపలే పోయింది. తర్వాత తను. ఊళ్లో ఇంకా చాలామంది పడకేశారు.

నన్నిప్పుడు ఏలూరు ఇంటికి తెచ్చారు. నా దగ్గర ఇక తీసుకోవాల్సింది లేదు కాబట్టి తలుపులు తెరిచే ఉంటున్నాయి. ల్యాబుకు కూడా రమ్మన్నారు, వెళ్లి సీసాలు కడుగుతున్నాను. పెళ్లి మాట నిజంగానే ఎత్తడం లేదు. అమ్మమ్మ వచ్చినవాళ్లందరికీ, "చదువుకున్న పిల్ల, దాని ఇష్టం దానిది" అని చెప్పుకుంటోంది. వాళ్ల దృష్టిలో నేను గెలిచాను.

మొన్న ఎలీయాజరు గారు ల్యాబుకు వచ్చారు. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చారు, మామయ్యను చూసి నమస్కారం పెట్టారు. కోపంగా వస్తారనుకున్నాను. చేతిలో ఫోను ఉంది, అందులో నా రిపోర్టు, నా పేరు, పచ్చ టిక్కు.

"అమ్మా, ఇది మీదేనాండీ?"

నేను నోరు తెరిచేలోగా బావ అందుకున్నాడు. "సంతకం ఆవిడదేనండీ. ఆ రోజు నీళ్లు బాగానే ఉన్నాయి. తర్వాత ఏం కలిసిందో మనం చెప్పలేం కదా."

"అది కాదు బాబూ. మా పిల్ల రోజూ కాచుకునేదండీ. ఇది పంచాయతీవాళ్లు నీళ్లు వడగట్టే ఫిల్టరు బెడ్డు గోడకు అంటించినాక మానేసింది. కుసుమగారు రాశారు నాన్నా, ఇంకేం పర్లేదు అంది. గిన్నె తోమి పక్కన కూడా పెట్టిందండీ, మీకు ఇవ్వాలని." ఆయన నా వైపే చూస్తున్నారు. "మీదేనా అని అడుగుతున్నాను. అంతే అమ్మా."

నేను చెప్పలేదు. అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. బావ ఆయన భుజం మీద చెయ్యి వేసి బయటిదాకా తీసుకెళ్లి, చెప్పులు తొడుక్కునే దాకా పక్కనే నిలబడ్డాడు.

ఇక నేను చెప్పాలి. ఎక్కడ, ఎలా, నువ్వు చెప్పు. నువ్వు సాక్షివి కదా.

కుసుమ


తాడేపల్లిగూడెం,
అక్టోబరు ఆఖరు

కుసుమా,

ఈ ఉత్తరం చాలాసార్లు మొదలుపెట్టి చింపేశాను.

నాన్నకు చెయ్యి నొప్పి లేదు. సెప్టెంబరులో మీ బావ షాపుకు వచ్చాడు. ప్యాంటు పొడవు తగ్గించమని ఇచ్చి, అది అయ్యేదాకా స్టూలు మీద కూర్చున్నాడు. "మా మరదలు ఈ మధ్య చాలా జాకెట్లు కుట్టించుకుందండీ, ఇంట్లో చూస్తే రెండే కనపడుతున్నాయి" అన్నాడు. నాన్న, "ఆడపిల్లలు కదండీ, ఎక్కడో దాచుకుంటారు" అన్నారట. నవ్వి వెళ్లిపోయాడు. ఆ వారంలోనే షాపు గది ఖాళీ చెయ్యమని యజమాని కబురు పంపాడు. నేను పుట్టకముందు నుంచీ ఉన్న షాపు అది. నాన్న ఇప్పుడు ఇంటి అరుగు మీద మిషను పెట్టుకున్నారు. నీకు చెప్పొద్దన్నారు. "ఆ పిల్లకు ఉన్నవి చాలు" అన్నారు.

ఇప్పుడు నీ ప్రశ్న. నీకు సాక్షి అక్కర్లేదు. జులై నుంచి ఆగస్టు దాకా ప్రతి రిపోర్టులోనూ అంకె కుదిరింది. ఆ తర్వాత కుదరడం ఆగిపోయింది. లంకది ఒక్కటీ కాకతాళీయం. ఆ నియమం చెప్పి వరసగా తెరిచి చూపిస్తే ఎవరికైనా కనపడుతుంది, ఎక్కడ నువ్వు పోయి ఇంకొకరు కూర్చున్నారో.

కానీ అది చెప్పాలంటే ఇంకోటి ఒప్పుకోవాలి. జులై నుంచి నువ్వు రాసిన ప్రతి నీళ్ల వేడీ నీ ఇష్టం వచ్చిన అంకె. మీ మామయ్య లాయరు దాన్ని వదలడు. "ప్రతి రిపోర్టులోనూ అబద్ధం రాశానని ఆవిడే అంటోంది, ఇంక ఏది నమ్మాలి?" అంటాడు. పనికిరావని రాసి నువ్వు మూయించిన బోర్లు తెరుస్తారు. లంక నీళ్లు పనికిరావని నువ్వు నిజంగా రాసిన మొదటి రిపోర్టు కూడా చెల్లదంటారు. నీకు ఇంకెక్కడా ఈ పని దొరకదు. కేసు నీ మీదే పెట్టినా పెడతారు.

ఒకటి అడుగుతున్నాను. అడగకూడదని తెలిసే అడుగుతున్నాను. నా పేరు రాయకు. వాళ్లు నాన్న అరుగు దాకా వస్తారు.

నసీమా


నత్తగుల్లలంక,
నవంబరు

నసీమా,

ఇది ఎలీయాజరు గారి ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. పొద్దున్న మొదటి బస్సుకు వచ్చాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి చూసింది, ఆపలేదు.

ఆయనకు అంతా చెప్పాను. డాంగిల్ గురించి, అమ్మమ్మ గురించి, నీళ్ల వేడి గురించి. నీ గురించి తప్ప. వల అల్లడం ఆపకుండా విన్నారు. పిన్ ఇచ్చిన చోట ఒక్కసారి చెయ్యి ఆగింది. అంతా అయ్యాక అడిగారు.

"మీకు ముందే భయం ఉందన్నమాట."

"ఉందండీ."

"ఆ భయం మాకు చెప్పుంటే సరిపోయేదండీ. అంకెల్లో దాచారు. మేం అంకెలు చూడమండీ, మీ పేరు చూస్తాం."

ఆయన కండెలో దారం ఎక్కించుకున్నారు. కాసేపటికి, "అన్నం తింటారాండీ?" అన్నారు. తిన్నాను. నీళ్లు కాచినవి ఇచ్చారు. పొయ్యి పక్కన ఆ గిన్నె ఉంది.

పోలీసులకు ఇవ్వడానికి ఒక కాగితం రాశాను, అందులో ఉన్నది నీకు చెబుతున్నాను. జులై నుంచి పిన్ ఇచ్చే దాకా నేను సంతకం పెట్టిన అన్ని రిపోర్టుల్లో నీళ్ల వేడి చివరి అంకె నేను కావాలని మార్చానని రాశాను. ఎందుకు మార్చానో, ఏ లెక్కతో మార్చానో రాశాను. ఆగస్టులో నా పిన్ ఎవరు, ఎక్కడ, ఎలా తీసుకున్నారో పేర్లతో రాశాను. అమ్మమ్మ పేరు కూడా. నత్తగుల్లలంక రెండో రిపోర్టు నాది కాదని, దానికి నీళ్లు ఎవరూ పట్టలేదని రాశాను. అంకె కాకతాళీయంగా కుదిరిందని కూడా రాశాను, లేకపోతే వాళ్లే దాన్ని పట్టుకుని నేనే పెట్టానంటారు. నేను మూయించిన బోర్లన్నీ మళ్లీ వేరేవాళ్ల చేత పరీక్ష చేయించమని రాశాను. నా సంతకం రద్దు చెయ్యమని రాశాను. కింద పెన్నుతో పేరు రాశాను. నీ పేరు ఎక్కడా లేదు.

లాయరు విషయం నువ్వు చెప్పిందంతా నిజమే. ఆలోచించాను.

ఇంట్లోవాళ్లు దీన్ని కూడా పెళ్లి గొడవే అంటారు. పెళ్లి తప్పించుకున్నాక కూడా దానికి కసి తీరలేదు అంటారు. వాళ్లకు విడమర్చి చెప్పడం మానేశాను.

రేపు పొద్దున్న ఎలీయాజరు గారితో కలిసి ఏలూరు పోలీసుస్టేషన్లో ఈ కాగితం ఇస్తాను. మామయ్య ఇంటికి తిరిగి వెళ్లను.

కుసుమ